ఆర్టీ పనిలో చేరిన అబ్బాయికి

బాబూ,

వెల్డింగ్ జాయింట్లకు ఆర్టీ షాట్లు, అంటే రేడియోగ్రఫీ ఫొటోలు, తీసే పనిలో చేరావని తెలిసి రాస్తున్నాను. రేడియేషన్ వల్ల వచ్చే జబ్బులు 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూల్లోనే వృత్తివ్యాధులుగా ఉండేవి. దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ షెడ్యూలు ఉంది. ఒకే యజమాని దగ్గర వరసగా ఆరు నెలలు చేసినవాడికే ఆ రక్షణ గట్టిగా దొరుకుతుంది. మన పనిలో కాంట్రాక్టరు పేరు తరచూ మారుతుంది కాబట్టి గేట్‌పాసు, జీతం చీటీ ఒక్కటీ పారేయకు.

ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి రిపోర్టు నకలు మూడు నెలలకోసారి అడిగి తీసుకో. ఏడాదికి 30, అయిదేళ్లకు 100 మిల్లీసీవర్టులు (రేడియేషన్ మోతాదు కొలత) పరిమితి. "పరిమితి దాటలేదు, నీకేమీ రాదు" అంటే ఒప్పుకోకు. గైడ్ ట్యూబులో సోర్సు (రేడియేషన్ వెలువరించే ముక్క) ఇరుక్కుందని చేత్తో పట్టుకుంటే ఏమవుతుందో చూడు: సోర్సుకు ఒక సెంటీమీటరులో ఉన్న వేలికి, యాభై సెంటీమీటర్ల దూరంలోని ఛాతీకంటే లెక్కప్రకారం 2,500 రెట్లు ఎక్కువ పడుతుంది. బ్యాడ్జి ఉండేది ఛాతీ మీద. వేలి సంగతి దానికి తెలియదు.

ఆ వేలు మొదట్లో మామూలుగానే కనిపిస్తుంది. తర్వాత ఎర్రబడి, రెండు మూడు వారాలకు బొబ్బలెక్కుతుంది. డాక్టరు "వేడి తగిలి కాలింది" అని రాస్తే రేపు ఆ చీటీయే నీకు అడ్డం. ఇరీడియం-192 సోర్సుతో పని, ఫలానా తేదీ అని చీటీలో రాయించు. పక్కన స్కేలు పెట్టి రోజూ ఫొటో తీయించు. ఒళ్లంతటికీ తగిలిందన్న అనుమానముంటే రక్తంలో క్రోమోజోముల పరీక్ష కొద్ది వారాల్లోనే చేయించాలి, ఆ గుర్తులు కాలం గడిచేకొద్దీ తగ్గిపోతాయి.

ఈఎస్ఐ ఉంటే అర్జీ అక్కడే పెట్టాలి. లేకపోతే పూర్తి శాశ్వత వైకల్యానికి నెలజీతంలో 60 శాతాన్ని వయసును బట్టి చట్టం ఇచ్చిన గుణకంతో హెచ్చవేస్తారు. జీతం 15,000, వయసు 40 అయితే గుణకం 184.17, వచ్చేది 16,57,530 రూపాయలు. జీవితాంతం పని చేయలేని మనిషికి ఇది చాలదనే నా అభిప్రాయం. అందుకే దీంట్లో పైసా వదలకు. హక్కు వదులుకున్నానని రాయించుకున్న కాగితం చట్టం ముందు చెల్లదు, అయినా సంతకం పెట్టకు. రెండేళ్లు దాటకముందే అర్జీ వేసెయ్.

క్యాన్సర్ పదేళ్ల తర్వాత కూడా బయటపడవచ్చు. అప్పటికి ఆ కాంట్రాక్టరు ఉండకపోవచ్చు. కాగితాలన్నీ ఒక కవరులో పెట్టి, ఎక్కడున్నాయో ఇంట్లోవాళ్లకు ఇవాళే చెప్పు.