మీ డేటాలో 99 అంటే ఏమిటో చెప్పే మనిషి ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?

ప్రశ్న: "మా విభాగంలో నడుస్తున్న మూడు పరిశోధన ప్రాజెక్టులను కొత్త సురక్షిత ఆరోగ్య డేటా విశ్లేషణ వేదికకు మార్చమన్నారు. ఇకమీదట డేటా మా కంప్యూటర్లలో ఉండకూడదట, ఆ వేదిక లోపలే ఉంచి అక్కడే లెక్కలు వేసుకోవాలట. పాత పని చెడకుండా మార్చడానికి ఎంత కాలం పడుతుంది? కొత్తగా ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?"

సాఫ్ట్‌వేర్ సంగతి పక్కన పెట్టండి, అది ఎవరైనా వారంలో నేర్పుతారు. ఎంత కాలం అన్నది మాత్రం మంచి ప్రశ్న. దానికి జవాబు మీ ఫైళ్ల బరువును బట్టి ఉండదు. నేను విజయవాడలో ఉంటాను, గుంటూరులో ఒక ఆసుపత్రి పరిశోధన విభాగానికి గణాంకాలు చూస్తాను. మా డేటా మొత్తం కలిపినా ఒక పెళ్లి వీడియోలో సగం ఉండదు. కొత్త వేదికలోకి ఎక్కించడానికి ఒక మధ్యాహ్నం సరిపోయింది. అయినా సంక్రాంతి తరువాత మొదలుపెట్టిన పని వినాయక చవితికి గాని తేలలేదు.

అందులో మొదటి రెండు నెలలు కాగితాలకే పోయాయి. డేటా ఉండే చోటు మారితే ఆ మార్పును ఎథిక్స్ కమిటీ ముందు, అంటే పరిశోధన వల్ల రోగులకు హాని లేకుండా చూసే కమిటీ ముందు పెట్టాలి. మా కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో తిథి, వార, నక్షత్రాలు చూసి చెప్పాలి. మీరు ఇంకా ఆ దరఖాస్తు పెట్టకపోతే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చూడండి.

ఇక లాగిన్. మాకు ఓటీపీ ప్రొఫెసర్ గారి ఫోనుకు వచ్చేలా పెట్టారు. ఆయన ఉదయమంతా ఆపరేషన్ థియేటర్‌లో, ఫోను బయట నర్సు గారి దగ్గర. నేను లిఫ్టు పని చేయని మూడో అంతస్తుకు ఎక్కి, ఆ అంకెలు అరచేతిలో రాసుకుని కిందికి వచ్చేసరికి గడువు అయిపోయేది. ఒక రోజు నాలుగుసార్లు ఎక్కాను. భద్రత అవసరం లేదని నేను అనడం లేదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగినప్పుడు అంత పెద్ద ఆసుపత్రి రోజుల తరబడి చేతిరాతతో నెట్టుకురావలసి వచ్చింది. మా దగ్గర అప్పటికి రోగుల వివరాలు ఐదు పెన్‌డ్రైవ్‌లలో తిరుగుతుండేవి, వాటిలో ఒకటి ఒక పీజీ విద్యార్థి స్కూటరు తాళాల గుత్తికి వేలాడేది. కాబట్టి మార్పు రావలసిందే. ఓటీపీ మాత్రం పని చేసే మనిషి ఫోనుకే రావాలని మొదటి రోజే పట్టుబట్టండి.

అసలు కథకు వస్తాను. మాది మధుమేహ రోగులను ఏళ్ల తరబడి గమనించే అధ్యయనం. ప్రతి రోగికీ మూడు నెలలకు ఒకసారి పరగడుపున షుగర్ పరీక్ష. కొత్త వేదికలోకి ఫైలు ఎక్కించగానే అది ప్రతి కాలమ్‌కూ ఒక చిన్న బొమ్మ గీసి చూపిస్తుంది. వయసు బాగుంది, బరువు బాగుంది. పరగడుపు షుగర్ దగ్గర మాత్రం మెల్లగా లేచి దిగాల్సిన గుట్ట మధ్యలో ఒక్క అంకె మీద నిట్టనిలువు స్తంభం. రోజూ బస్సులోంచి చూసే మంగళగిరి గాలిగోపురమే గుర్తుకొచ్చింది. ఆ అంకె 99.

ఈ లెక్కలు తెలిసినవారికి ఇప్పటికే గుండె జారి ఉంటుంది. పరగడుపున 100 లోపు ఉంటే మామూలు, 126 గాని అంతకు మించి గాని ఉంటే మధుమేహం. మా రోగులంతా మధుమేహం ఉన్నవాళ్లే. వాళ్లలో అంతమందికి సరిగ్గా 99 వచ్చిందంటే గుంటూరులో బిర్యానీ హోటళ్లన్నీ మూసేసి ఉండాలి. పాత కంప్యూటర్‌లో మేము ఎప్పుడూ సగటు మాత్రమే చూశాం, బొమ్మ గీసి చూడలేదు. రెండో ఏడాదికి రోగుల షుగర్ బాగా అదుపులోకి వచ్చిందని ఒక సదస్సులో పోస్టర్ కూడా పెట్టాం. మా ప్రొఫెసర్ గారికి ఆ పోస్టర్ అంటే ప్రాణం, ఫ్రేము కట్టించి గదిలో పెట్టుకున్నారు.

బొమ్మ చూపిస్తే ఆయన, "పాత కంప్యూటర్‌లో లేని తప్పు దీనిలో ఎలా వచ్చిందయ్యా? వేదికలోనే ఏదో లోపం ఉంది, వాళ్లకు రాయి" అన్నారు. రాయలేదు. ఆ అంకెలు టైపు చేసిన అమ్మాయి కోసం వెతికాను. 2019లో పెళ్లి చేసుకుని తెనాలి వెళ్లిపోయింది. ఆఫీసులో ఉన్న ఫోను నెంబరు పని చేయలేదు. చివరికి ఆవిడతో కలిసి బస్సులో వచ్చే ల్యాబ్ అటెండరు ద్వారా దొరికింది. ఫోనులో అడిగితే, "అవన్నీ నా నోటుపుస్తకంలో రాసుకున్నాను సార్. అటక మీద ఉండాలి, ఆదివారం రండి" అంది.

మే నెల ఎండలో గుంటూరు నుంచి తెనాలికి బస్సులో నిలబడి వెళ్లాను. కాలువ పక్క వీధిలో ఇల్లు. ముందు గదిలో కుట్టు మిషను, గోడకు జాకెట్ల కొలతలు. నేను వెళ్లేసరికి వాళ్ల అత్తగారు మజ్జిగ ఇచ్చి, "దీనికోసమా ఇంత దూరం వచ్చారు బాబూ" అని నోటుపుస్తకాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. పొడుగు నోటుపుస్తకం, అట్టకు పసుపు మరక, మొదటి పేజీ పైన శ్రీకారం. దాని కింద గుండ్రని చేతిరాతలో:

99 – రాలేదు.
88 – రిపోర్టు ఇంట్లో మరిచారు.
77 – పరగడుపున రాలేదు, ఇడ్లీ తిని వచ్చారు.

నాకు చెమట ఎండకు పట్టిందో, దీనికి పట్టిందో తెలియలేదు. పరీక్షకు రాని ప్రతి రోగీ మా లెక్కలో షుగర్ అద్భుతంగా అదుపులో ఉన్న రోగి అయ్యాడు. రెండో ఏడాది రానివాళ్లు పెరిగారు కాబట్టి సగటు తగ్గింది. మేము దాన్ని వైద్యం ఫలితం అనుకుని ఫ్రేము కట్టించాం.

ఇంకో భయం మిగిలింది. నిజంగానే 99 వచ్చినవాళ్లు కూడా ఉంటారు కదా, వాళ్లను విడదీయడం ఎలా? అడిగాను. ఆవిడ నవ్వి, "నిజంగా 99 వస్తే 100 వేసేదాన్ని సార్. 88 వస్తే 89. ఒక్కటే కదా తేడా, ఎవరికి నష్టం?" అంది. నాకు కోప్పడాలనీ ఉంది, దండం పెట్టాలనీ ఉంది. ఏ పుస్తకంలోనూ లేని ఒక పద్ధతిని ఒంటరిగా కనిపెట్టి, ఐదేళ్లు తప్పకుండా పాటించింది. దానివల్లే ప్రతి 99నూ ధైర్యంగా ఖాళీ గడిగా మార్చగలిగాం. "ఈ మాట అప్పుడే చెప్పి ఉండవచ్చు కదమ్మా" అంటే, "ఎవరూ అడగలేదు సార్. గడి ఖాళీగా వదిలితే సార్ తిడతారని ముందు పనిచేసిన ఆవిడ చెప్పింది" అంది.

ఇక్కడ కొంచెం కోపం వెళ్లగక్కుకోనివ్వండి. మన దగ్గర పరిశోధన పత్రం మీద పన్నెండు పేర్లు ఉంటాయి. వాటిలో ఐదారుగురు ఆ ఫైలు తెరిచి కూడా చూసి ఉండరు. ప్రతి అంకెనూ చేత్తో కొట్టిన మనిషి పేరు కృతజ్ఞతల్లో కూడా కనిపించదు. నెల జీతం అడగకండి, రాయడానికే సిగ్గుగా ఉంది. ఆ మనిషి మానేసినప్పుడు తాళాలు, గుర్తింపు కార్డు లెక్కగా తీసుకుంటాం, తలలో ఉన్నది మాత్రం తీసుకోం. కొత్త వేదికలు అమ్మేవాళ్లు చూపించే స్లయిడ్లలో మేఘాలు, తాళం కప్పలు, బాణాలు ఉంటాయి గాని తెనాలి బస్సు ఉండదు.

ఎక్సెల్‌ను తిట్టడం కూడా నా బాధ్యత. ఇది మన పల్లెటూరి జబ్బు అనుకోకండి. 2020 శరదృతువులో ఇంగ్లండులో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలోంచి జారిపోయాయి. పాత రకం ఎక్సెల్ ఫైలులో 65,536 వరుసలే పడతాయని ఎవరికీ తట్టలేదు. మా పాత ఫైళ్లలో ఒకటి మ్యాక్ కంప్యూటర్‌లో పుట్టింది. దాని తేదీలు 1904 నుంచి లెక్క, మామూలు ఎక్సెల్‌కు 1900 నుంచి. రెండు ఫైళ్లూ కలిపినప్పుడు కొందరు రోగులు సరిగ్గా 1,462 రోజులు తేడాగా ఆసుపత్రిలో చేరినట్టు తేలింది. ఒకాయన ఆసుపత్రిలో చేరకముందే కాటరాక్ట్ ఆపరేషను చేయించుకున్నాడు.

మీదీ మా గుంటూరు వైపే అయితే జిల్లాల సంగతి తప్పకుండా చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అంతకు ముందు "గుంటూరు" అని రాసినదానిలో నరసరావుపేట ఉంది, బాపట్ల ఉంది. ఆ తరువాత ఒకటి పల్నాడులోకి పోయింది, రెండోది తన పేరుతోనే జిల్లా అయింది. విజయవాడ రోగులు అప్పటిదాకా కృష్ణా జిల్లా, ఆ తరువాత ఎన్టీఆర్ జిల్లా. ఇవేమీ చూడకుండా లెక్క వేస్తే ఆ ఏప్రిల్‌లో గుంటూరు జిల్లాలో మధుమేహం అమాంతం తగ్గిపోయినట్టు వస్తుంది. మా పీజీ ఒకరు దానికి కారణాలు కూడా ఆలోచించి పెట్టుకున్నారు. మేము జిల్లా పేరు వదిలేసి పిన్‌కోడ్ పట్టుకున్నాం, అది మారలేదు కాబట్టి. అందులోనూ చిక్కుంది. కొత్త బాపట్ల జిల్లాలో బాపట్ల పిన్‌కోడ్ 522తో మొదలవుతుంది, ప్రకాశం నుంచి వచ్చి చేరిన చీరాలది 523తో. చివరికి మండలం పేరే దిక్కయింది. ఆ పేర్లను మా వాళ్లు ఎన్ని రకాలుగా రాశారో చెబితే ఇంకో జవాబు అవుతుంది.

లోపలికి వెళ్లడం ఇంత కష్టమైతే బయటికి రావడం ఇంకోలా కష్టం. ఆ వేదిక నుంచి ఏ పట్టికనూ మీరు నేరుగా తెచ్చుకోలేరు, అవతల ఒక మనిషి చూసి వదలాలి. ఏ గడిలోనైనా ఐదుగురి కంటే తక్కువ ఉంటే ఆపేస్తారు, కొన్ని చోట్ల ఆ హద్దు పది. మా ప్రొఫెసర్ గారు గ్రామాల వారీగా పాదం తీసేయవలసి వచ్చిన రోగుల పట్టిక అడిగితే తిరస్కరించారు. ఆయన మండిపడ్డారు. "పేర్లే లేవు కదయ్యా! 2023 డేటా చట్టంలో పరిశోధనకు మినహాయింపు ఉంది, నేను చదివాను" అన్నారు. ఉంది, నిజమే. ఆ డేటాతో ఏ ఒక్క మనిషి విషయంలోనూ నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి అన్న షరతులతో ఉంది. నేను ఆ మాట చెబితే వినలేదు. పాత కంప్యూటర్‌లో మిగిలిన పట్టికనే ప్రింటు తీయించి బల్ల మీద పెట్టుకున్నారు. టీ తెచ్చిన అటెండరు దాన్ని వంగి చూసి, "మా ఊరు కూడా ఉందే సార్! ఇద్దరు అని వేశారు. ఒకరు మా మేనమామ, ఇంకొకరు రేషన్ డీలరు గారు. డీలరు గారికి కాలు తీసింది షుగర్ వల్లా? లారీ గుద్దిందని చెప్పారే!" అన్నాడు. ఆ కాగితం నాలుగు మడతలై సొరుగులోకి పోయింది. ఆ తరువాత ఆయన చిన్న గడుల గురించి నన్ను అడగలేదు.

పాత పని చెడకుండా ఎలా అన్నారు కదా. పాతదాన్ని వెంటనే మూసేయకండి. మీ పాత పత్రంలోని ఒక పట్టికను కొత్త చోట మళ్లీ పుట్టించి, అంకె అంకె సరిపోల్చండి. సరిపోకపోతే కంగారు పడకండి, కానీ కారణం దొరికేదాకా వదలకండి. మాకు తనిఖీ కోసం తీసిన నమూనా ఎంతకూ కలవలేదు. అదే ప్రోగ్రాము, అదే సీడ్ (ప్రతిసారీ అదే నమూనా రావడానికి ముందుగా ఇచ్చే అంకె), రోగులు మాత్రం వేరు. వారం రోజులు జుట్టు పీక్కున్నాక తెలిసింది: మేము లెక్కలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, 2019లో వచ్చిన 3.6 వెర్షన్ నుంచి యాదృచ్ఛికంగా ఎంచే పద్ధతే మారింది, మా పాత కంప్యూటర్‌లో అంతకు ముందుది ఉంది. 2020లో వచ్చిన 4.0 ఇంకో దెబ్బ కొట్టింది. అక్షరాలున్న కాలమ్‌లను తనంతట తాను వర్గాలుగా మార్చుకోవడం మానేసింది, మా ప్రోగ్రాములు సగం అక్కడే బోర్లా పడ్డాయి. వేదిక లోపల ఇంటర్నెట్ ఉండదు కాబట్టి అక్కడ కూర్చుని గూగుల్‌లో వెతకడం కూడా కుదరదు. పక్కన ఇంకో కంప్యూటర్ పెట్టుకోండి.

మూడు ప్రాజెక్టులన్నారు కాబట్టి అన్నిటికన్నా చిన్నదాన్ని ముందు మార్చండి. దానికి నాలుగు నెలలు పెట్టుకోండి, మిగిలిన రెంటికీ కలిపి ఇంకో నాలుగు. రెండు వారాలు చాలని ఎవరైనా అంటే వాళ్లు ఎప్పుడూ మార్చలేదని అర్థం.

షుగర్ లెక్క మళ్లీ వేస్తే అదుపు కొద్దిగానే మెరుగైందని వచ్చింది. పత్రం ఇంకా అచ్చు కాలేదు కాబట్టి సరిదిద్దుకున్నాం. ఫ్రేము గోడ మీద నుంచి దిగింది. నోటుపుస్తకాన్ని డేటాతో పాటే భద్రంగా ఉంచుదామని మొత్తం స్కాన్ చేసి వేదికకు పంపించాను. రెండు రోజుల్లో తిరిగొచ్చింది, అందులో వ్యక్తుల పేర్లు, ఫోను నెంబర్లు ఉన్నాయని. రోగుల పేర్లు ఎలా వచ్చాయా అని హడలిపోయి పేజీలు తిరగేశాను. చివరి ఇరవై పేజీలూ ఆవిడ నడిపిన చీటీ లెక్కలు. మొదటి మూడు పేజీలు మాత్రం మళ్లీ పంపి, ఆవిడకు ఫోను చేసి నవ్వుతూ విషయం చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"ఆ పేజీలు పారేయకండి సార్, కాస్త ఫోటోలు తీసి పంపండి. అందులో ఇద్దరు నాకు ఇంకా ఇవ్వాలి."