టెక్ సందేహాలు: బ్రాకెట్ మరిచిన బైకు లెక్క

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. బైకు గతిజ శక్తిని (కదలిక వల్ల వచ్చే శక్తి) గూగుల్ షీట్స్‌లో లెక్క కట్టింది. బండి 110, మనిషి 70, మొత్తం 180 కిలోలు. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుందని పుస్తకంలో ఉంది. మాకేమో 40 కిలోమీటర్ల వేగానికి 278, 80కి 556 వచ్చాయి. అంటే రెట్టింపే! బి2లో బరువు, సి2లో వేగం ఉన్నాయి. ఫార్ములా: =0.5*బి2*సి2/3.6^2. తప్పెక్కడ? – ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడు

పుస్తకం కరెక్టే. షీట్ కూడా మీరు చెప్పిందే చేసింది. ^ గుర్తు తన ముందున్న 3.6ను మాత్రమే వర్గం చేస్తుంది, అదీ గుణకార భాగహారాల కంటే ముందే. పాపం, వేగానికి వర్గం పడనే లేదు. =0.5*బి2*(సి2/3.6)^2 అని రాయండి (సెల్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి). ఇప్పుడు 40కి 11,111 జౌళ్లు (శక్తికి కొలమానం), 80కి 44,444 వస్తాయి. నాలుగు రెట్లు! ఇలాంటి ఒక్క బ్రాకెట్ కోసం నేనూ ఓసారి సాయంత్రమంతా వెతికాను.

3.6 ఎందుకంటారా? గంటకు 3,600 సెకన్లు, కిలోమీటరుకు 1,000 మీటర్లు. జౌళ్లలో జవాబు కావాలంటే వేగం సెకనుకు మీటర్లలో ఉండాలి.

ఫార్ములా సరిచూడ్డానికి ఒక చిట్కా: బరువు 2, వేగం 3.6 వేయండి. సరిగ్గా 1 రావాలి. మీ పాత ఫార్ములాలో 0.28 వస్తుంది.

పాపకు అంకెలు బోరు కొడితే ఇలా చెప్పండి. 40 వేగంతో గోడను గుద్దుకోవడం రెండంతస్తుల ఎత్తు నుంచి కింద పడటంతో సమానం. 80 అయితే ఎనిమిదంతస్తులు. ప్రొద్దుటూరు–కడప రోడ్డు ఖాళీగా కనిపించగానే యాక్సిలరేటర్ తిప్పే అన్నయ్యలెవరైనా ఇంట్లో ఉంటే, వాళ్లకూ వినిపించేలా చెప్పండి.

ప్రశ్న: బండి మీటరు 44 చూపిస్తుంటే ఫోన్‌లో జీపీఎస్ 40 అంటోంది. లెక్కకు ఏది తీసుకోవాలి? – అనంతపురం నుంచి ఒక పాఠకురాలు

తిన్నటి రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్తున్నప్పుడైతే జీపీఎస్‌దే. అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదని కంపెనీలు మీటర్లను కాస్త ఎక్కువకే పెడతాయి. ఆ 10 శాతం తేడా మీ జవాబులో 21 శాతం అవుతుంది, వర్గం కదా. ఫ్లైఓవర్ కింద, వేగం మారుతున్నప్పుడు మాత్రం ఫోన్‌ను నమ్మకండి, అది కాస్త ఆలస్యంగా అందుకుంటుంది. అంకె చూసే పని వెనక కూర్చున్నవాళ్లకు అప్పజెప్పండి.