పాత సామాన్లు ఆన్‌లైన్లో అమ్మితే పార్శిల్ దేంట్లో పంపాలి, ఛార్జీ ఎవరు కట్టాలి?

తమ్ముడూ, బీటెక్ అయిపోయి తిరుపతిలో రూమ్ ఖాళీ చేస్తా ఉండావు, ఎంసెట్ పుస్తకాలు, హెల్మెట్, మిక్సీ అమ్మకానికి పెట్టినావు, అడిగేవాళ్ళేమో ఒకరు హైదరాబాద్ ఒకరు వైజాగ్, పోస్టా కొరియరా ఆర్టీసీనా, ఛార్జీ మనమా వాళ్ళా అని కదా నీ డౌటు. నేనుండేది బైరాగిపట్టెడలో, ఇంట్లో పాతవి అమ్మే పని కొన్నేళ్ళుగా నాదే, అందుకని చెప్తా ఉండా.

ముందు రేటు చెప్పేసి పార్శిల్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. ఫస్ట్ ప్యాక్ చెయ్, అట్టపెట్టెతో సహా తూకం వెయ్ (కిరాణా అంగట్లో అడిగితే కాటా మీద పెట్టనిస్తారు), కొనేవాళ్ళ పిన్‌కోడ్ అడుగు, ఆ తర్వాతే రేటు. పాతదానికి మనకొచ్చేదే రెండు మూడొందలు, అందులో సగం టేపుకీ పెట్టెకీ ఛార్జీకీ పోతే ఇంక పాత పేపర్లాయనకి వేసేదే మేలు.

పుస్తకాలకైతే పెద్దగా ఆలోచించేది ఏం లేదు, పోస్టాఫీసే. 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని పెట్టినారు, పుస్తకాల కోసమే. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పైన ట్యాక్స్, దేశంలో యాడికైనా. ట్రాకింగ్ కూడా ఉంటుంది. ఐదు కిలోలంటే నీ ఎంసెట్ సెట్టు దాదాపు మొత్తం పట్టేస్తుంది, కొరియర్లో ఆ రేటుకి కలలో కూడా పంపలేవు. కాకపోతే రోడ్డు మీద, రైల్లో పోతుంది కాబట్టి నిదానంగా చేరుతుంది, ఆ మాట కొనేవాళ్ళకి ముందే చెప్పు, లేదంటే మూడో రోజు నుంచే ఫోన్లు మొదలుపెడతారు. అచ్చు పుస్తకాలే పెట్టాలి, లోపల ఉత్తరం గిత్తరం పెట్టకూడదు, పుస్తకం మీద ప్రింటర్ పేరో పబ్లిషర్ పేరో ఉండాలి, కాబట్టి నీ చేతిరాత నోట్సు, జిరాక్స్ కట్టలు ఇందులో కలపొద్దు. పాత రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ గురించి ఎవరైనా చెప్తే వినొద్దు, అది తీసేసినారు. రిజిస్టర్ పోస్టును కూడా 2025లోనే స్పీడ్ పోస్టులో కలిపేసినారు.

నోట్సు అర్జెంటుగా కావాలంటే స్పీడ్ పోస్టులో పంపు. అందులో ఇప్పుడు ఓటీపీ చెప్తేనే డెలివరీ ఇచ్చే సదుపాయం ఉంది, దానికి 5 రూపాయలు ప్లస్ జీఎస్టీ, అంతే. నాకు అందలేదు అనే మాట రాకుండా ఆ ఐదు రూపాయలు పెట్టేది మంచిది. స్టూడెంట్లకి 10 శాతం తగ్గింపు కూడా ఉంది, ఐడీ కార్డు చేతిలో ఉన్నప్పుడే అడిగి చూడు.

హెల్మెట్ దగ్గరే జాగ్రత్త. బరువు కిలోన్నర ఉంటుంది, కిలోన్నరకే ఛార్జీ అనుకొని పోతావు, కొరియర్ వాళ్ళు టేపు పెట్టి పెట్టెను కొలుస్తారు. పొడవు వెడల్పు ఎత్తు సెంటీమీటర్లలో గుణించి మామూలుగా 5000తో భాగిస్తారు, 35, 28, 28 పెట్టె అయితే ఐదున్నర కిలోలు లెక్క తేలుతుంది. అసలు బరువు, ఈ బరువు, రెంట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. అందుకే పెట్టె హెల్మెట్‌కి బిగుతుగా ఉండాలి, లోపలి ఖాళీలో చేతిగ్లౌజులో ఏవో ఉంటే అవీ పెట్టేయ్. నన్నడిగితే హెల్మెట్ ఊళ్ళోనే అమ్మేది మేలు, లీలామహల్ సర్కిల్ దగ్గరో యాడో కలిసి చేతికిస్తే పోతుంది.

మిక్సీకి ఆర్టీసీ కార్గో. బస్టాండులోనే బుక్ చేస్తారు, వైజాగ్, హైదరాబాద్ రెంటికీ మనకి బస్సులున్నాయి, ఇట్లా బరువైనవాటికి బాగుంటుంది. ఇంటికి తెచ్చిస్తారా, వాళ్ళే అక్కడ బస్టాండుకొచ్చి తీసుకోవాలా అనేది బుక్ చేసేటప్పుడే అడిగి కొనేవాళ్ళకి చెప్పు, రసీదు ఫోటో పంపు. జార్లు మోటార్ మీద పెట్టి పంపొద్దు. విడదీసి ఒక్కోదానికి పాత చొక్కానో టవలో చుట్టు, బ్లేడు చుట్టూ పేపరు ఉండలు కూరు, వైరు చుట్టి టేపు వెయ్, పెట్టెని పట్టుకొని ఊపితే లోపల చప్పుడు రాకూడదు. నేనొకసారి ఒక ప్రైవేటు కొరియర్లో ఇడ్లీ కుక్కర్ పంపితే సొట్టపోయి చేరింది, ఏందని అడిగితే రసీదు వెనకాల చిన్న అక్షరాలు చదవమన్నారు, వాళ్ళ బాధ్యత ఆ కుక్కర్ మూత ఖరీదుకి కూడా రాదు. ఖరీదైనది పంపేటప్పుడు ఇన్సూరెన్స్ అడుగు.

పవర్ బ్యాంక్ కూడా అమ్ముతా ఉంటే పార్శిల్లో దాచి పెట్టొద్దు, లిథియం బ్యాటరీలకి విమానంలో రూల్స్ ఉంటాయి.

ఛార్జీ ఎవరు కట్టాలంటావా, పుస్తకాలకి కలిపేసి ఒకే రేటు చెప్పు, ఫ్రీ డెలివరీ అంటే జనం తొందరగా ఒప్పుకుంటారు. మిక్సీకి మాత్రం విడిగా చెప్పు, ఎందుకంటే మదనపల్లి ఛార్జీ వైజాగ్ ఛార్జీ ఒకటి కాదు, దగ్గరోళ్ళకి కూడా దూరం రేటు చెప్తే వాళ్ళు పారిపోతారు. డబ్బులు ముందు రావాలి, తర్వాతే బుకింగ్. కొరియర్ బాయ్‌ని పంపిస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్ డబ్బులు పడతాయి అని ఎవడైనా అంటే ఫోన్ పెట్టేయ్, డబ్బులు తీసుకునేదానికి యూపీఐ పిన్ కొట్టే పనే లేదు. పొరపాటున డబ్బులు పోయినా వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టు.

అవునూ, మిక్సీ ఏ కంపెనీది, ఎన్ని జార్లు? మా పిన్నమ్మ ఒకటి కావాలంటా ఉంది, ఉండేది రేణిగుంటలోనే, వైజాగ్ వాళ్ళు ఛార్జీ దగ్గర బేరమాడితే నాకు చెప్పు.