తుప్పల జోలికి వెళ్ళకు

చిరంజీవి అమ్మడికి, మేనత్త ఆశీస్సులు.

పద్మనాభం ఊరి దగ్గరి మన గరువుని, ఆ మెట్ట నేలని, లేఅవుట్ వాళ్ళకి ఇవ్వనని, అడవిలా పెంచుతానని అన్నావట. మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. నేను లోపల మురిసిపోయాను, పైకి మాత్రం తనతో కలిసి నిన్ను తిట్టాను. గజాల లెక్కన అడుగుతున్న భూమిని నక్కలకీ ఉడుములకీ వదిలేస్తానంటే ఏ తల్లికి టెన్షన్ ఉండదు?

ముందు సర్వే చేయించి రాళ్ళు పాతించు. పంట కనిపించని భూమి మీద మన వైపు ఎందరి కళ్ళుంటాయో నీకు తెలియనిది కాదు. ఫిబ్రవరి లోపు చుట్టూ గడ్డి చెక్కించి, మంట లోపలికి పాకకుండా ఫైర్ లైన్ తీయించు. మొక్కలు తొలకరి బాగా పడ్డాకే నాటు.

ఇక తుప్పలు తీయించడానికి జేసీబీ మాట్లాడావట. వద్దని చెప్పెయ్యి. అడ్వాన్సు పోతే పోనీ.

మీ నాన్న బతికుండగా నీకు ఇది చెప్పి ఉండడు. నువ్వు పుట్టకముందు ఆ గరువు నిండా తుప్పలే. బలుసు, వాక్కాయ, పరిమి, రేగు, మధ్యలో పాలచెట్లు, మోదుగలు. నడుస్తుంటే కౌజు పిట్టలు కాళ్ళ దగ్గర్నుంచి లేచేవి. వాడికదంతా బీడుగా కనిపించింది. వేసవిలో తుప్పలన్నీ వేళ్ళతో సహా పెకలించి తగలబెట్టించాడు. నీలగిరి, ఆస్ట్రేలియా తుమ్మ వరసలుగా వేయించాడు. ఆ ఏడు వానలకే ఎర్రమట్టి కదిలి గెడ్డలోకి, అదే పక్క వాగులోకి, పోయింది. భీమిలి ఎర్రమట్టి దిబ్బల్ని వాన ఎలా కోస్తుందో చూశావుగా, మన నేల అంత కాకపోయినా దాని చుట్టమే. చెట్లు మాత్రం ఏపుగా పెరిగాయి, ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. ఒక్క కౌజు కూత వినపడదేమిట్రా అంటే నాకేసి వింతగా చూశాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఒక్క పూటలో తోటంతా పడుకోబెట్టింది. నిలిచినవి గట్టు మీది తాటిచెట్లు, వాడు బద్ధకించి వదిలేసిన మూలనున్న తుప్పలు. మర్నాడు పడిన చెట్ల మధ్య కూర్చుని అన్నం ముట్టలేదు పిచ్చివాడు. ఎంత కష్టపడ్డాడో చూశాను కాబట్టి వాడి మీద కోపం రాదు నాకు.

నీకిప్పుడున్న ఆస్తి ఆ మూలే. మోదుగ, బలుసు నరికినా మోడునుంచి చిగురిస్తాయి. పిట్టలు అక్కణ్ణుంచే గింజలు మోస్తాయి. ఖాళీల్లో మాత్రం నాటు. గెడ్డ ఒడ్డున మద్ది, నేరేడు, కానుగ. మెరకన పాల, మారేడు, వెలగ. ఒకటో రెండో జువ్వి. గింజలు ఊరి తోపుల్లో ఏరుకో. కంబాలకొండ అభయారణ్యం, అనుమతి లేకుండా అక్కణ్ణుంచి ఏమీ తేకూడదు. లాంటానా పోవాల్సిందే, కానీ ఒక్కసారిగా వద్దు, పిట్టలు దాన్లోనూ తలదాచుకుంటాయి. కాయ పట్టకముందే నేలకి రెండంగుళాల లోతున వేరు నరికి, దుబ్బుని తలకిందులుగా పడెయ్యి. పైపైన కొడితే గుబురుగా తిరిగొస్తుంది. నర్సరీల్లో జీతం తిన్నదాన్ని, నా మాట విను.

అసలు నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. తుప్ప పెరిగితే అడవిపందులు చేరతాయి. పక్కవాళ్ళ వేరుశనగ, చెరకు తవ్వేస్తాయి. నేరమని తెలిసీ రాత్రిళ్ళు కరెంటు తీగ పెడతారు. ఆ తీగకి మనుషులు పోయిన ఊళ్ళున్నాయమ్మా. అందుకే మొక్కల కంటే ముందు చుట్టూ ఉన్న రైతుల ఇళ్ళకి వెళ్ళు. టీ ఇస్తే తాగు. సరిహద్దు వెంట కొంత మేర తుప్ప లేకుండా ఉంచుతానని, పంట నష్టపోతే కూర్చుని మాట్లాడుకుందామని చెప్పు. పాముల్ని చంపొద్దని మొదటిరోజే ఉపన్యాసం మొదలెట్టకు. గిరినాగు మిగతా పాముల్ని తింటుందని వాళ్ళకీ తెలుసు, భయం భయమే. కెమెరా పట్టుకుని రాత్రిపూట ఒక్కదానివే గట్లు పట్టుకు తిరిగావని తెలిసిందో, ఊరుకోను.

సర్వేయరు వచ్చే రోజు ముందే చెప్పు, నేనూ వస్తా. ఈశాన్యం మూల పాత రాయి ఎక్కడుందో ఇప్పుడు నాకొక్కదానికే తెలుసు. మడమలు దాటే బూట్లు కొనుక్కో. పట్నం చెప్పులేసుకుని వస్తే గట్టు దగ్గర్నుంచే వెనక్కి పంపించేస్తా.

మీ పెద్దత్త