ఉద్యోగంలో చేరాక నవలలు చదివితే ఏం ఒరుగుతుంది?

డిగ్రీ అయిపోయి ఉద్యోగంలో చేరాక, ఉన్న కాస్త టైమ్‌లో నవలలు చదవడం దేనికి, కెరీర్‌కి పనికొచ్చే పుస్తకాలు చదువుకోవచ్చు కదా అని అడిగారు. ఆ పుస్తకాలు నేనూ చదువుతాను. ఇంటర్వ్యూలప్పుడు బాగా పనికొచ్చాయి. కానీ ఆఫీసు నుంచి వచ్చాక గదిలో తోటివాళ్లుంటారు, ఫోన్‌లో అమ్మానాన్న ఉంటారు. వాళ్లతో ఏం మాట్లాడాలో ఆ పుస్తకాల్లో దొరకలేదు. నవలలు నాకు అక్కడ అక్కరకొచ్చాయి.

బీటెక్ అయ్యాక చెన్నై వచ్చాను. మైలాపూర్‌లో లేడీస్ హాస్టల్, తరమణిలో ఆఫీసు. తిరుమయిలై స్టేషన్‌లో వేళచ్చేరి రైలెక్కి, సీటు దొరికితే పుస్తకం తీస్తాను. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ‘కాలాతీత వ్యక్తులు’ అలా రైల్లోనే పూర్తిచేశాను. 1950ల చివర్లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. కథంతా విశాఖపట్నంలో చదువుకునే, ఉద్యోగం చేసుకునే యువతీయువకులది. అందులో ఇందిర ఉద్యోగం చేస్తుంది, ఆమె సంపాదన మీద తండ్రి బతుకుతాడు. తనకేం కావాలో ఆమెకు బాగా తెలుసు, దానికి మొహమాటపడదు. ఆమె మంచిదా చెడ్డదా అన్న తీర్పు మాత్రం రచయిత్రి ఇవ్వదు. నాకు ఆ నవలలో అన్నిటికన్నా నచ్చింది అదే.

పుస్తకం గదిలో చేతులు మారింది. ఒకరోజు రాత్రి మెస్‌లో ఇందిర మీద వాదన మొదలైంది. శ్రీకాకుళం అమ్మాయి ఆమెది ఒట్టి స్వార్థం అంది. మాలో పెద్దదైన కడప అక్క మామూలుగా ఎక్కువ మాట్లాడదు. జీతంలో చాలా భాగం ఇంటికి పంపేస్తుందని మాకు తెలుసు, ఎవరమూ ఆ మాట ఎత్తం. ఆ రోజు రసం అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, “ఇంటిని మోసేవాళ్లకి కోపం రాకూడదని ఎక్కడైనా రాసుందా?” అంది. ఆ తర్వాత చెయ్యి ఎండిపోయేదాకా కూర్చుని మాట్లాడుకున్నాం. నీ ఇంటి సంగతేంటక్కా అని సూటిగా అడిగి ఉంటే ఆమె నవ్వేసి లేచిపోయేది. ఇందిర పేరు మీద కాబట్టి అంత మాట అనగలిగింది. ఇప్పుడు నెలాఖరులో ఆమె చిరాగ్గా ఉంటే మేం కారణం అడగం, టీ పెట్టిస్తాం.

అమ్మతో కూడా అంతే. రోజూ తిన్నావా, ఆఫీసు ఎలా ఉంది అన్న రెండు ప్రశ్నలతో ఫోన్ అయిపోయేది. ఏదో పాత సీరియల్ నవల చదువుతున్నానని చెప్పేసరికి అమ్మ గొంతే మారిపోయింది. అమ్మమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చించి, దారంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి దాచేదట. ఆ కాగితాల వెనక సగం తెగిన వంటల శీర్షికలు, సబ్బు ప్రకటనలు ఉండేవట. ఇంటర్ కాగానే పెళ్లయినా, ఆ పుస్తకాల్లో ఉద్యోగాలు చేసే ఆడవాళ్లను చూసి తనూ డిగ్రీ చదవాలనుకున్నానని అమ్మ ఆ రోజే నాతో చెప్పింది. ఇప్పుడు మా ఫోన్లు కొంచెం పొడుగయ్యాయి.

నవల చదివితే ప్రాజెక్ట్ టెన్షన్ తగ్గుతుందని నేను చెప్పను. రిలీజ్ ఉన్న వారం నేను పుస్తకమే ముట్టుకోను.

మీరూ చెన్నైలోనే ఉంటే కోట్టూర్‌పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయానికి వెళ్లి చూడండి. 2010లో తెరిచారు. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకోవడానికి విడిగా ఒక విభాగం ఉంది. చుట్టూ అందరూ పోటీ పరీక్షల గైడ్లతో కుస్తీ పడుతుంటారు, మధ్యలో మీరు నవల చదువుకుంటే ఎవరూ ఏమీ అనరు. పుస్తకం చేతిలో లేకపోతే ఎగ్మోర్‌లో కన్నెమరా లైబ్రరీ ఉంది. 1896 నాటిది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే పుస్తకాలు అక్కడికి చేరాలి కాబట్టి తెలుగువీ ఉంటాయి.

ఒక్కరే చదవకండి. గదిలో ఇంకెవరైనా తెలుగువాళ్లుంటే అదే పుస్తకం వాళ్లకూ ఇవ్వండి. ఇందిర గురించి వాళ్లేమన్నారో వీలైతే నాకూ చెప్పండి.