పాత బ్యాటరీలు కరిగించగా మిగిలే స్లాగ్‌లోంచి లిథియం తీయొచ్చా?

తీయొచ్చు, కానీ ఖర్చెక్కువ, అందుకే చాలాకాలం ఆ స్లాగ్‌ని కాంక్రీటులో కలిపేసేవారు. బెల్జియంలో హోబోకెన్‌లోని యూమికోర్ ప్లాంటులో చేసినట్టు లిథియం-అయాన్ బ్యాటరీలను కొలిమిలో వేసి కరిగిస్తే కోబాల్ట్, నికెల్, రాగి లోహంగా అడుగుకి దిగుతాయి. లిథియం మాత్రం ఆక్సిజన్‌ని ఓ పట్టాన వదలదు, కొలిమిలోని కార్బన్ వల్ల కూడా కాదు, దాంతో చాలావరకు ఆక్సైడ్‌గానే అల్యూమినియం, సిలికాతో (ఇసుకలో ఉండే పదార్థం) కలిసి పైన తేలే స్లాగ్‌లోకి పోతుంది.

తర్వాత స్లాగ్‌ని పొడిచేసి సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో కరిగించి, అల్యూమినియంలాంటివి తీసేసి, సోడా యాష్ (సోడియం కార్బొనేట్) వేస్తే తెల్లటి లిథియం కార్బొనేట్ పేరుకుంటుంది. ఇది వేడి నీళ్లలోనే తక్కువ కరుగుతుంది (పంచదారకి పూర్తిగా రివర్స్!), కాబట్టి ద్రావణాన్ని బాగా వేడిచేసి మరీ తీస్తారు. అసలు తలనొప్పి సిలికాతో: ఆసిడ్‌లో జెల్లీలా గడ్డకట్టి ఫిల్టర్లను పూడ్చేస్తుంది.

ఏ స్లాగ్ అయినా ఒకటే అనుకోవడం పొరపాటు. వైజాగ్ స్టీల్ ప్లాంట్ స్లాగ్‌లో చెప్పుకోదగ్గ లిథియం ఉండదు, ఇనుప ఖనిజంలోనే లేనిది అందులోకి ఎక్కణ్ణుంచి వస్తుంది? అది సిమెంటుకి పనికొచ్చే సరుకు.