క్రిస్మస్ రోజున ఇంట్లో ఫోన్లకు తాళం వేయమంటారా?

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో అధ్యాపకురాలిని. మొన్ననే సెమిస్టర్ ముగిసింది. ఇంటర్నల్ మార్కులు అప్‌లోడ్ చేసి మెంటరింగ్ పుస్తకం నింపుతున్నప్పుడు, ఎవరి తండ్రికి ఒంట్లో బాగుండలేదో, ఎవరు ఫీజు కట్టలేక తల్లడిల్లుతున్నారో అన్నీ రాయగలిగాను. కానీ ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి ఇంటికి రాగానే గది తలుపు ఎందుకు వేసుకుంటున్నాడో నాకు తెలియదని గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. మా అమ్మాయి టొరంటోలో చదువుకుంటోంది. మావారివి స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు. పోర్టులో పనిచేసి రిటైరైన మామగారు మాతోనే ఉంటారు. పోయిన క్రిస్మస్ రాత్రి ఆయన అడిగితే మావాడు లూకా సువార్త రెండో అధ్యాయాన్ని ఫోన్‌లో చూసి చదువుతూ, మధ్యలో ఏదో మెసేజ్ రాగానే నవ్వాడు. మామగారు తన బైబిలు మూసి పక్కన పెట్టేశారు. ఈసారి పండగ రోజంతా అందరి ఫోన్లూ బీరువాలో పెట్టి తాళం వేద్దామంటే, "ముందు నువ్వు నీ కాలేజీ గ్రూపులు చూడటం మానెయ్" అన్నాడు. నేనెలా మానను? ఒక విద్యార్థి అర్ధరాత్రి చచ్చిపోవాలనుందని మెసేజ్ పెట్టినప్పటి నుంచి ఫోన్ పక్కన లేకుండా పడుకోవడానికే భయం. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన మాటను మీరు చివర్లో, ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. ముందుగా దాని గురించే మాట్లాడాలి. ఆ రాత్రి ఆ కుర్రవాడు రాసింది మీకే, మీరు దాన్ని చూశారు కూడా. అప్పటి నుంచి ప్రతి మెసేజ్ చప్పుడూ మీకు అదే మెసేజ్‌లా వినబడుతోంది. రాత్రి పదకొండింటికి "మేడమ్, ఇంటర్నల్స్ ఎప్పుడు వేస్తారు" అని అడిగేవాడికీ, ప్రాణం మీదికి తెచ్చుకోబోతున్నవాడికీ మీ ఫోన్‌లో ఒకటే చప్పుడు కావడమే అసలు చిక్కు. ఫోన్ కట్టేసినంత మాత్రాన ఇది తీరదు, ఆ రెండింటినీ విడదీస్తే తీరుతుంది.

జనవరిలో కొత్త సెమిస్టర్ గ్రూపు తెరిచేటప్పుడు అడ్మిన్లు మాత్రమే సందేశాలు పెట్టగలిగేలా అమర్చండి. మార్కులు, రికార్డులు, అటెండెన్స్ గురించిన సందేహాలు కళాశాల వేళల్లోనే చూస్తానని మొదటి రోజే తరగతిలో చెప్పండి. ఎవరికైనా నిజంగా ఆపద అనిపిస్తే మెసేజ్ పెట్టి ఎదురుచూడకుండా, ఏ వేళైనా సరే కాల్ చేయమనండి. దానితోపాటు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 బోర్డు మీద రాయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ ఉచిత సేవలో ఇరవైనాలుగు గంటలూ తెలుగులోనే మాట్లాడవచ్చు. వాళ్ల ప్రాణాలకు మీరొక్కరే కాపలా అన్నట్టు ఇన్నాళ్లూ నిద్ర మానుకున్నారు. ఆ కాపలాలో శిక్షణ పొందినవాళ్లను కూడా కలుపుకోండి. విద్యార్థుల క్షేమం కోసమే ఈ మాట చెబుతున్నాను, ఎందుకంటే అలసిపోయిన మనిషి అర్ధరాత్రి నిద్రకళ్లతో ఇచ్చే జవాబు కొన్నిసార్లు చాలదు.

2020లో లాక్‌డౌన్ వచ్చి పాఠాలు ఫోన్‌లోకి మారినప్పుడు ఈ గ్రూపులు లేనిదే గడవలేదు. తరగతులు మళ్లీ గదుల్లోకి వచ్చాయి గాని, ఆనాడు ఇంట్లోకి వచ్చిన కళాశాల మాత్రం తిరిగి వెళ్లలేదు. చిత్రమేమిటంటే, 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో పంపిన మొట్టమొదటి ఎస్సెమ్మెస్ "మెర్రీ క్రిస్మస్" అన్న శుభాకాంక్షే, పైగా అది అందుకున్న ఫోన్‌లో తిరిగి జవాబు టైపు చేసే వీలు కూడా లేదట. పండగకూ సాంకేతికతకూ పుట్టు వైరమేమీ లేదని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను. వెంటనే బదులివ్వకపోతే తప్పు చేసినట్టనిపించే అలవాటు తర్వాత వచ్చి చేరింది, మీ ఇంట్లో ఆ అలవాటు అందరికంటే ఎక్కువగా మీకే ఉంది.

కాబట్టి మీ అబ్బాయి అన్నది పెడసరంగా ఉన్నా అందులో నిజం ఉంది. ఆ మాట వాడితోనే చెప్పండి: "నువ్వన్నది నిజమేరా, నేనూ చూసుకుంటాను" అని ఒక్క ముక్క చాలు. దాని వెనకే "కానీ నువ్వు" అని మొదలుపెట్టకండి. అధ్యాపకులకు అక్కడితో ఆగిపోవడమే కష్టం, ఎందుకంటే ఒప్పుకున్న ప్రతిదానికీ ఒక వివరణ జోడించడం మనకు వృత్తిరీత్యా అలవాటైపోతుంది. ఇంటర్ కాలేజీల సంగతి మీకు తెలియనిది కాదు. పొద్దున్నే వెళ్లి, స్టడీ అవర్లు ముగించుకుని చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడికి, స్నేహితులతో మార్కుల ఊసు లేకుండా మాట్లాడుకునే చోటు ఆ ఫోన్ ఒక్కటే కావచ్చు. తలుపు వేసుకోవడం పదహారేళ్లవాడికి వింత కాదు. భోజనానికి బయటికి వస్తున్నాడా, వచ్చినప్పుడు మామూలుగా ఉంటున్నాడా అన్నదే చూడవలసింది, మీ ఉత్తరంలో ఆ వివరమే లేదు.

బీరువా తాళం ఆలోచన మాత్రం వదిలేయండి. అది పరీక్ష హాలు పద్ధతి. పైగా మీ ఇంట్లో ఆ రోజు ఫోన్ లేకపోతే అందరికంటే ముందు నష్టపోయేది మీ అమ్మాయే. అక్కడి చలికాలంలో మనకూ టొరంటోకూ పదిన్నర గంటల తేడా ఉంటుంది. ఇక్కడ అర్ధరాత్రి ఆరాధన జరుగుతున్నప్పుడు అక్కడ ఇరవైనాలుగో తేదీ మధ్యాహ్నం ఒకటిన్నర, ఆమె ఏ పనిలో ఉంటుందో ఏమో. ఇరవైఐదు సాయంత్రం ఏడున్నరకు పెట్టుకుంటే ఆమెకు పండగ ఉదయం తొమ్మిది, మీ ఇంట్లో భోజనాలకు వచ్చిన చుట్టాలు కూడా వెళ్లిపోయి ఉంటారు. మీవారి షిఫ్టు ఆ వేళకు అడ్డొస్తుందో లేదో ముందే కనుక్కోండి. కాల్‌ను టీవీకి కలిపే పని అబ్బాయికి అప్పగించి, తాతగారిని టీవీకి దగ్గరగా కుర్చీలో కూర్చోబెట్టండి. మనవరాలు ముందుగా ఆయనతోనే మాట్లాడాలి. చాలా ఇళ్లలో వీడియో కాల్ వచ్చినప్పుడు పెద్దవాళ్ల వంతు చివర్లో వస్తుంది, "తాతయ్యా బాగున్నారా" అని రెండు మాటలయ్యేసరికి ఇక పెట్టేస్తానంటారు.

ఇక బైబిలు మూసిన సంగతి. ఆయన మనవడు నవ్వినందుకు నొచ్చుకున్నారని మీరు నిశ్చయించుకున్నారు, ఏడాదిగా ఆ బాధ మోస్తున్నారు, కానీ ఆయన్ని అడిగినట్టు ఎక్కడా రాయలేదు. కళ్లు అలిసిపోయి మూసి ఉండవచ్చు, నిజంగానే నొచ్చుకుని ఉండవచ్చు. ఏదైనా సరే, ఆయన నోటితో వినకుండా ఆయన తరఫున మీరు కొడుకు మీద కోపం పెంచుకోవడం సరికాదు. "పోయినసారి చదువు మధ్యలో ఆగిపోయింది, ఈసారి ఎలా చేద్దాం మామయ్యగారూ" అని పండగకు ముందే అడగండి. అచ్చు పుస్తకంలో చదవమంటారో, తానే చదివి మనవణ్ణి వినమంటారో, ఆయన చెప్పినట్టు చేయండి. మీవాడు ఫోన్‌లోనే చదువుతానంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి చదవమనడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

సెమీ క్రిస్మస్‌ల సందడి ముగిసి, మీకు వాల్యుయేషన్ డ్యూటీ పడేలోగా రెండు మూడు సాయంత్రాలు దొరికితే, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని గులాబీ పువ్వులు వండండి. అచ్చును కాగిన నూనెలో ఉంచి, పిండిలో ముంచి, మళ్లీ నూనెలో పెట్టి విదిలించాలి, ఆ పనిలో ఉన్నంతసేపు చేతులు ఖాళీ ఉండవు. చదువు గురించీ ఫోన్ గురించీ అడగకండి. వాడు మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే వండినవి డబ్బాలో సర్దమనండి.

సంక్రాంతి సెలవుల్లో కూడా వాడు గది దాటి రాకుండా, తిండి, నిద్ర తగ్గి, స్నేహితులతో సైతం మాటలు మానేసినట్టు కనిపిస్తే, అప్పుడు ఆలస్యం చేయకుండా ఒక మనస్తత్వ నిపుణుడిని కలవండి. అయితే వాణ్ణి ఒక్కణ్ణే తీసుకువెళ్లి తప్పు చేసినవాడిలా కూర్చోబెట్టకండి. మీరు, మీవారు, అబ్బాయి ముగ్గురూ కలిసి వెళ్లండి, ముందుగా మీ నిద్ర గురించీ ఆ రాత్రి వచ్చిన మెసేజ్ గురించీ మీరే మొదలుపెట్టండి.